ఆకు లేని పూత

మా అత్త పోయిన సంగతి నాకు ఆ మాటతో తెలియలేదు. ప్రొద్దుటూరులో నేను లెక్కలు చెప్పే బడిలో మధ్యాహ్నం భోజనాలయ్యాక మొదటి పీరియడు జరుగుతోంది. బోర్డు మీద భిన్నాలు రాస్తుంటే, మేం అద్దెకున్న ఇంటి యజమానురాలు ఫోన్ చేసి ఒకసారి ఇంటికొచ్చి పొమ్మంది. ఎందుకని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. సుద్దముక్క చేతిలో పట్టుకునే ఆటో ఎక్కాను. ఇంట్లోకి పోయేసరికి ఆమె మా అత్త కళ్లు మూసి, గడ్డం కదలకుండా తువ్వాలు కట్టి, తల మీద కొంగు కప్పుకుని పక్కన కూర్చుని ఉంది. వాళ్లు సాయిబులు. తన తల్లికి చేసినట్టే అన్నీ చేసింది.

ఆఖర్న ఏమన్నా చెప్పిందా అని అడిగాను. ఏమీ చెప్పలేదంది. కిటికీలోంచి బయటికి చూస్తూ చూస్తూ అలాగే ఉండిపోయిందట. అది విని గడప మీదే కూలబడ్డాను. మా అత్తను ఎరగని మీకు ఇందులో అంత కూలబడాల్సింది ఏముందో అర్థం కాదు. కంటబడిన ప్రతిదానిలోంచీ దేవుని మాట ఒకటి తీసి పక్కవాళ్ల చేతిలో పెట్టిన మనిషి ఆమె. అలాంటిది ఏ మాటా లేకుండా పోయింది. పోయినందుకు ఎంత ఏడ్చానో, అలా పోయినందుకు అంతకంటే ఎక్కువ ఏడ్చాను.

జమ్మలమడుగు చుట్టుపక్కల పల్లెల్లో ఆమె బైబిలమ్మ. సంఘం తరఫున ఊరూరా తిరిగి ఆడవాళ్లకు వాక్యం చెప్పే పని అది. మిషన్ దొరల కాలం నుంచి మా వాళ్లలో ఉంది. ఆమె అమ్మమ్మ కూడా అదే పని చేసిందట. భుజానికి గుడ్డసంచి, అందులో బైబిలు, నీళ్ల సీసా, ఒక రొట్టె. అయితే ఆ సంచి విప్పడం చాలా అరుదు. పత్తి తీసే చోటికో శనగ పీకే చోటికో పోయి, చెప్పులు గట్టున విడిచి, ఆడవాళ్ల పక్కన తనూ ఒక సాలు పట్టేది. సాలు చివరికి పోయేదాకా నోరు విప్పేది కాదు. "ముందు సాలు, తర్వాత మాట" అనేది. పని చెడగొట్టి చెప్పే వాక్యం ఎవరి బుర్రకూ ఎక్కదని ఆమె నమ్మకం. సాలయ్యాక నడుము పట్టుకుని లేచి, చేతిలో ఉన్న పురుగు పట్టిన ఆకునో, పగిలిన కాయనో చూపించి ఒకటి రెండు మాటలు చెప్పేది. పుస్తకం ఎవరన్నా అడిగితేనే బయటికి వచ్చేది.

నా పెళ్లయిన కొత్తలో ఈమెతో నేను వేగలేననుకున్నాను. సాయంత్రం ప్రార్థనకు కూర్చున్నప్పుడు ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. పాట పాడకముందు ఒక్కొక్కరూ ఆ రోజు బయట చూసినదొకటి చెప్పాలి. దాన్ని పట్టుకుని ఆమె ఆ రోజుకు మాట వెతికేది. మొదటి రోజు నన్ను చూసి, "ఏం కండ్లబడింది మ్మే ఈ పొద్దు?" అని అడిగింది. పొద్దుగూకులూ కట్టెల పొయ్యి ముందే ఉన్నాననీ, పొగ తప్ప ఏం కంటబడలేదనీ కాస్త మంటగానే చెప్పాను. మా ఆయన తల వంచుకుని నవ్వు ఆపుకుంటున్నాడు. ఆమెకు కోపం రాలేదు. పొగలో నుంచే దేవుడు కొండ మీద మాట్లాడినాడనీ, కండ్లు మండినా మంటకు ముందు పొగే వస్తుందనీ చెప్పి ప్రార్థన మొదలుపెట్టింది. మరుసటి రోజు పొయ్యి ముందర కూర్చున్నది ఆమె, నన్ను గొర్రెలు వచ్చే వేళకు బయటికి పంపించింది. ఈమె మాటల కోసం చూసే మనిషే గానీ మాటలతో సరిపెట్టే మనిషి కాదని అప్పుడే కొంచెం తెలిసింది.

ఎండాకాలం పెన్నలో నీళ్లు లేనప్పుడు ఇసుకలో చెలమ తోడటానికి నన్ను వెంట తీసుకుపోయేది. చేతులతో ఇసుక తోడుతుంటే అడుగున మట్టినీళ్లు ఊరేవి. మొదటిసారి నేను ఆత్రంగా చెంబు ముంచబోతే చేయి పట్టుకుంది. ఆ నీళ్లన్నీ తోడి పక్కన పారబోసింది. మళ్లీ ఊరాయి, మళ్లీ పారబోసింది. మూడోసారికి అడుగున ఇసుకరేణువులు కనబడేంత తేటగా నీళ్లు నిలిచాయి. "మొదట ఊరేది మన గొడవ మ్మే. అది పారబోసినాక వచ్చేది ఆయనది" అంది. ప్రార్థన గురించి అయ్యగార్లు చెప్పిన ప్రసంగాలు ఎన్ని విన్నానో, ఒక్కటీ గుర్తు లేదు. ఇది మాత్రం బిందె నెత్తికెత్తుకున్న ప్రతిసారీ గుర్తొచ్చేది.

ఆమె మాటలన్నీ ఇంత బాగుండేవని చెప్పను. కొన్ని మరీ లాగి పీకినట్టుండేవి. ముద్దనూరు బస్సుకు గేదెలు అడ్డం పడితే వాటిలోనూ ఒక పాఠం తీసి, బస్సులో వాళ్లందరికీ చెప్పింది. కండక్టరు, అవ్వా నీ పాఠం సరే గానీ బర్రెలకు కూడా చెప్పు పక్కకు జరుగుతాయి అంటే, అందరికంటే గట్టిగా నవ్వింది ఆమే.

ఆమె రిటైరయ్యాక పులివెందుల దారిలో ఆమె పుట్టింటివాళ్లు పసుపు కుంకుమ కింద ఇచ్చిన మూడెకరాల్లో చీనీ తోట పెట్టాం, బయటివాళ్లు బత్తాయి అనేది అదే. అక్కడే ఒక గది వేసుకుని ముగ్గురం కాపురం మార్చాం. మేం జొన్న, శనగ, పత్తి ఎరిగిన వాళ్లం. చీనీ చెట్టు గుణం మాకు తెలియదు. అయినా మా ఆయన బిడ్డల్ని సాకినట్టు సాకాడు. మాకు పిల్లలు లేరు, ఆ మాట కూడా ఇక్కడే చెప్పేస్తున్నాను. మొదటి కాపులు బాగానే వచ్చాయి. తర్వాత వరసగా వానలు మొహం చాటేశాయి, బోరు తగ్గింది, చెట్లు పసుపు తిరిగాయి. ఆకు రాలడం మొదలైంది. ఉన్నది ఉన్నట్టు అమ్మేసి జమ్మలమడుగు పోదామని మా ఆయన, పోదామని నేను. మా అత్త మాత్రం రోజూ తోటంతా ఒక చుట్టు తిరిగి వచ్చి, ఇంకా మాట రాలేదు, ఆగండి అనేది.

ఆ ఏడాది పూత కాలంలో ఒక పొద్దున ఆమె కేక విని గదిలోంచి పరుగెత్తాను. పాము కరిచిందేమో అనుకున్నాను. ఆకు ఒక్కటి లేని కొమ్మలకు తెల్లగా, చిటికెన వేలు పట్టనంత వత్తుగా పూత. ఒక చెట్టుకు కాదు, సగం తోటకు. ఆ వాసన దారిన పోయేవాళ్లను కూడా ఆపేది. మా అత్త మోకాళ్ల మీద ఉంది. ఎండిన చేతికర్ర రాత్రికి రాత్రి పూసిన పాత నిబంధన కథ చెబుతూ ఏడుస్తోంది. "చెప్పినాడు మ్మే, ఆయన చెప్పినాడు. ఈడ్నించి కదలొద్దు" అంది. నేను కూడా నమ్మాను. మా ఆయన అప్పటిదాకా ఇంకో బోరు వద్దన్నవాడు, ఆ మధ్యాహ్నమే బోరు బండి వాళ్ల దగ్గరికి పోయాడు.

ఆ వారమే జమ్మలమడుగు చర్చిలో, మేం గుడి అనే అంటాం, కోతల పండుగ. ఎవరికి పండిన మొదటి పంట వాళ్లు తెచ్చి బల్ల ముందు పెడతారు, ఆరాధన అయ్యాక వేలం వేస్తారు. గుమ్మడికాయలు, జొన్న కంకులు, కోళ్ల మధ్య మా అత్త ఒక చీనీ కొమ్మ నిలబెట్టింది. సాక్ష్యం చెప్పింది. గుడంతా స్తోత్రం అన్నారు. పండు లేని కొమ్మను పోటీ పడి వేలం పాడటం నేను ఆ ఒక్కసారే చూశాను. పాడుకున్నామె దాన్ని ఇంట్లో పెట్టుకుంటే శుభమని చిన్న పాపను ఎత్తుకున్నట్టు ఎత్తుకుపోయింది.

ఆ పూతలో ఒక్కటి కూడా కాయ కట్టలేదు. కొత్త బోరులో దుమ్ము వచ్చింది. తోట చూడటానికి వచ్చిన హార్టికల్చర్ ఆఫీసరు వేరు గోకి చూసి, కుళ్లు పట్టిందన్నాడు. ఈ వైపు చీనీ రైతులందరూ ఎరిగిన సంగతే, చెట్టు చచ్చేముందు ఉన్న బలమంతా పూతకు పెట్టేస్తుంది, ఆకు లేకుండా ఇట్లా విరగబూస్తే ఇక ఆశ వదులుకోవాల్సిందే అన్నాడు. పాపం ఆయన మామూలుగానే చెప్పాడు. మా అత్త చెట్టు మొదట్లో నిలబడి వింటోంది. మళ్లీ చెప్పు సారూ అంది. ఆయన మళ్లీ చెప్పాడు.

తోట పోయింది. బోరు అప్పుల కింద నేల కూడా మాది కాకుండా పోయింది. మా ఆయన ముద్దనూరు దగ్గర థర్మల్ ప్లాంటులో కాంట్రాక్టు పనికి కుదిరి అక్కడే ఉండసాగాడు. సెలవు దొరికితే వచ్చేవాడు. వచ్చినా గోడ వైపు తిరిగి పడుకునేవాడు. నేనూ అత్తా ప్రొద్దుటూరులో అద్దె గదికి చేరాం, అక్కడి బడిలో నేను లెక్కలు చెప్పడానికి కుదిరాను. మమ్మల్ని ఓదార్చడానికి పాస్టరు గారు వచ్చి, అంజూరపు చెట్టు పూయకపోయినా దేవునిలో ఆనందిస్తానన్న ప్రవక్త సంగతి చదివారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అయ్యగారూ, మా చెట్టు పూసింది, పూసి చచ్చింది, దాని గురించి ఎక్కడన్నా రాసి ఉంటే చదవండి అన్నాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. అత్త నన్ను వారించలేదు. దానికే నాకు భయం వేసింది.

ఆ రోజు నుంచి ఆమెకు మాట రాలేదు. సాయంత్రం ప్రార్థన ఉండేది, పాట ఉండేది, కంటబడినదాని ఊసు మాత్రం లేదు. కడుపులో జబ్బు బయటపడి, ఇక చేయగలిగింది లేదని డాక్టర్లు చెప్పాక కూడా ఆమె దిగులు జబ్బు గురించి కాదు. ఒక రోజు గంజి తాగిస్తుంటే నా చేయి ఆపి అడిగింది. "ఆ పూత ఆయన చూపించింది కాదు గదా. నాకు నేనే అల్లుకుంటి. మరి అంతకుముందు చెప్పినవన్నీ? ఊరూరా తిరిగి చెప్పినవి? అవి గూడా నేను అల్లినవేనా మ్మే?" నేను కాదు కాదని చెప్పబోయాను. ఆమె చూపు చూసి ఆగిపోయాను. ఊరికే చెప్పే కాదుకు అక్కడ చోటు లేదు.

రాజుపాలెం పక్క పల్లెలో ఒకామె దగ్గరికి తీసుకుపొమ్మంది. చాలా ఏళ్ల కిందట ఆమె తొలిచూలు బిడ్డ నెలల పసికందుగా ఉన్నప్పుడే పోయింది. బిడ్డను మట్టి చేసిన కొద్ది రోజులకే ఆమె పత్తి తీయడానికి రావలసి వచ్చింది. ఆ చేలో మా అత్త ఆమె పక్కన సాలు పట్టి, చివర్న ఒక పత్తికాయ చూపించి, దేవుడు నీ బిడ్డను పగలగొట్టలేదమ్మా, ఈ కాయ మాదిరి తెరిచినాడు, తెల్లదనం ఆయన కాడికి పోయింది అని చెప్పిందట. ఆ మాట వెనక్కి తీసుకోవాలి, బిడ్డ పోయిన తల్లికి అల్లిన మాట చెప్పి ఉంటే ఆమె కాళ్లు పట్టుకోవాలి అంది. ఆ ఒంటితో బస్సు ఎక్కగలదా అని కూడా ఆలోచించలేదు నేను. సెలవు పెట్టి తీసుకుపోయాను.

ఆమె ఇప్పుడు మనవరాళ్లు ఉన్న మనిషి. బైబిలమ్మ వచ్చిందని మంచం వాల్చి, చెంబుతో నీళ్లిచ్చి కింద కూర్చుంది. మా అత్త ఆయాసపడుతూ వచ్చిన సంగతంతా చెప్పింది. పత్తికాయ మాట తప్పయి ఉంటే మన్నించమంది. ఆమె మంచం దగ్గరికి జరిగి చెప్పింది.

"ఏం మాటో నాకు తెలీదమ్మా. ఆ పొద్దు నువ్వేం చెప్పినా నాకు యాడ వినపడుతుంది? పాలు గడ్డ కట్టి రొమ్ములు సలుపుతాండె. ఎవురికీ చెప్పుకోలేక ఏడస్తా తీస్తాంటి. నువ్వు సూసి, కంప చాటుకు పిల్చకపోయి, నీ చేతుల్తో పిండేసినావు. నల్లరేగడి మీద పడినాయి పాలు. పైన మన్ను కప్పినావు. నేను సచ్చేదాకా మరిసిపోను."

నాకు ఏడుపు ఆగలేదు. అత్తకు ఇంక శాంతి దొరికినట్టే అనుకున్నాను. తిరుగు బస్సులో ఆమె కిటికీ వైపు మొహం తిప్పుకుని కూర్చుంది. ప్రొద్దుటూరు దగ్గరికొచ్చాక, "ఆ పాల సంగతి నాకు గుర్తే లేదు మ్మే. మాటే గుర్తుండాది. ఆమెకు మాట గుర్తు లేదు. నేను ఇంత కాలం మోసుకుని తిరిగింది ఏంది మరి?" అంది. చేసిన పనిని దేవుడు మరిచిపోడని నాకు తోచింది చెప్పాను. ఆమె కొంగుతో నోరు మూసుకుని ఏడ్చింది. ఇంత చేసిన మనిషికి ఇంత చిన్న ఓదార్పు కూడా అందనివ్వని దేవుడి మీద నాకు ఆ బస్సులో వచ్చిన కోపం ఇప్పటికీ పోలేదు. మర్యాద కోసం పోయిందని రాయలేను.

తర్వాత రోజుల్లో నేను ఆమెకు మాట దొరికించాలని పిచ్చిదానిలా తిరిగాను. బడి నుంచి వస్తూ వేపపూత రెమ్మ తెచ్చాను. మిద్దె మీద పావురం గుడ్లు పెడితే చేయి పట్టి తీసుకుపోయి చూపించాను. చూసేది, పక్కన పెట్టేది. ఒకరోజు కిటికీ ఊచ మీద చీమలు తమకంటే పెద్ద గింజను లాక్కుపోతుంటే, చూడత్తా, దేవుడు మన చేత కూడా ఇట్లాగే మోయిస్తాడు అని నేనే మొదలుపెట్టాను. మధ్యలో ఆపేసింది. "అల్లొద్దు మ్మే. రాకపోతే రాలేదని చెప్పు. అది గూడా నేర్చుకోవాల" అంది. ఆ నవ్వని మొహంతోనే నా చేయి తన చేతిలోకి తీసుకుంది. చేయి వదల్లేదు. నన్ను అంతగా ఎవరూ నమ్మలేదు అనిపించింది. బోధించేవాళ్లు ఎక్కువమంది మన ముందు తమకు మాట రాలేదని ఒప్పుకోరు.

ఆమెను జమ్మలమడుగులో, పెన్న ఒడ్డున ఉన్న సమాధుల తోటలో పెట్టాం. మా వాళ్లు శ్మశానాన్ని తోట అనే అంటారు. జనం చాలా వచ్చారు. పత్తిచేల ఆడవాళ్లు కూలి మానుకుని వచ్చారు. రాజుపాలెం వైపు నుంచి ఆమె కూడా వచ్చి, మన్ను వేసి, ఎవరితోనూ మాట్లాడకుండా పోయింది. పాస్టరు గారు ఈసారి ఏ ప్రవక్తనూ ఎత్తుకోలేదు. ఈమె చూపించినన్ని నేను చూడలేకపోయాను అన్నారు. ఆ ఒక్క మాటకు ఆయన మీద నా కోపం తగ్గింది.

మూడో రోజు సమాధి దగ్గర ప్రార్థన అయ్యాక అందరూ ఆదరణ కూడికకు గుడి వైపు కదిలారు. నేను ఆగిపోయాను. ఎండ ఎక్కుతోంది. పడిపోయిన గోడ సందులోంచి ఒక మేక లోపలికి వచ్చింది. దాని కాపరి ఎక్కడున్నాడో కనబడలేదు. నేరుగా మా అత్త సమాధి దగ్గరికి వచ్చి బంతిపూల దండలు తినడం మొదలుపెట్టింది. నేను దాన్నే చూస్తున్నాను. ఇప్పుడన్నా ఏదో ఒకటి తోచకపోతుందా, ఆమె చూస్తే ఏమని ఉండేది అని మనసులో తవ్వుకుంటున్నాను. తవ్వినకొద్దీ మట్టినీళ్లు కూడా రాలేదు.

గేటు దాకా పోయిన మా ఆయన నా కోసం వెనక్కి వచ్చాడు. మేకను తోలడానికి చేయి ఎత్తాడు. తిననీ అన్నాను. చేయి దించి నా పక్కన నిలబడ్డాడు. తోట పోయిన తర్వాత ఆయన ఒక చెట్టు వైపు గానీ ఒక జీవం వైపు గానీ నిలబడి చూడటం నేను ఎరగను.

"ఏమన్నా తోచిందా మ్మే?" అని అడిగాడు.

"లేదు" అన్నాను.

"నాకూ ఏం రాలే" అన్నాడు. అయినా కదల్లేదు.

మేక ఒక దండను మొత్తం తిని, మిగిలిన దారాన్ని పళ్లతో లాగి వదిలేసి, పై దండ అందక సమాధి మీదికి ఎక్కింది. మన్ను ఇంకా కొత్తది. దాని ముందుకాళ్లు మెత్తగా లోపలికి దిగాయి. ఒకసారి మా వైపు చూసింది, మూతికి పచ్చటి రేకులు అంటుకుని ఉన్నాయి. తల వంచి మళ్లీ తినసాగింది. గుడిలో పాట మొదలైంది. మేమిద్దరం చూస్తూనే ఉన్నాం.